స్పానిష్ భాషలో కొనసాగుచున్న క్రియకు కాలపరిమాణము: తెనుగు దృష్టితో ఒక విమర్శ

ఒక క్రియ యెప్పుడు జరిగినదో తెలుపుట యొకటి. అది యెంతకాలమునుండి జరుగుచున్నదో తెలుపుట వేఱొకటి. మొదటిదానిని గూర్చి మన వ్యాకరణములును, పాశ్చాత్య వ్యాకరణములును విస్తారముగా చర్చించినవి. రెండవది మాత్రము ప్రాయికముగా ఒకటి రెండుదాహరణములతోనో, ఒక అపవాదసూత్రముతోనో ముగిసిపోవుచున్నది. పూర్వ మెన్నడో ఆరంభమై, ఇంకను ముగియక, మాటలాడు క్షణమువఱకు వచ్చి, దానిని దాటిపోనున్న క్రియను ఏ కాలమున చేర్చవలెను? ఆరంభమును బట్టి భూతమనవలెనా? ఇప్పుడును జరుగుచున్నది గనుక వర్తమాన మనవలెనా? ఈ ప్రశ్నకు భాషలన్నియు నొకేవిధమైన సమాధానము చెప్పలేదు. ఆంగ్లము ఒక త్రోవ త్రొక్కినది. స్పానిష్ వేఱొక త్రోవ త్రొక్కినది. తెనుగు త్రొక్కిన త్రోవ ఆంగ్లపు త్రోవకంటె స్పానిష్ త్రోవకు మిక్కిలి చేరువ. అయినను మన విద్యార్థి స్పానిష్ భాషను ఆంగ్లవ్యాకరణమార్గముననే నేర్చుకొనుచుండుటచే, తన యింటనున్న సొమ్మును పొరుగింట వెదకుకొనవలసి వచ్చుచున్నది. ఈ విషయమును సోదాహరణముగా పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

స్పానిష్ భాష సుమారు 20 దేశములలో అధికారభాష. మన హైదరాబాదునందలి ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయమునందు దాని బోధన జరుగుచున్నది. ఆ భాషలో వెలసిన కథలు, నవలలు తెనుగు పాఠకులకు ఎక్కువగా ఆంగ్లానువాదముల ద్వారమున పరిచితము లగుచున్నవి. కావున ఈ చర్చ కేవల వ్యాకరణవిలాసము గాదు. బోధనకును, అనువాదమునకును సంబంధించినది. ఇందు స్పానిష్ పదములను తెనుగు లిపిలో అమెరికాఖండపు ఉచ్చారణము ననుసరించి వ్రాసితిని. వ, బ లకు ఆ భాషలో ఉచ్చారణభేదము లేకున్నను వ్రాతను బట్టి వకారమునే నిలిపితిని.

వాడుకలోని మూడు రీతులు

"నేను మూడేండ్లనుండి చదువుచున్నాను" అను భావమును స్పానిష్ భాష ప్రధానముగా మూడు రీతుల చెప్పును.

మొదటిది: "అసే త్రేస్ ఆన్యోస్ కే ఎస్తూదియో". ఇందు "అసే" అనునది "చేయు" అను అర్థముగల ధాతువుయొక్క ఏకవచన ప్రథమపురుషరూపము. "త్రేస్ ఆన్యోస్" మూడేండ్లు. "కే" వాక్యములను కలుపు పదము. "ఎస్తూదియో" చదువుదును, చదువుచున్నాను అను రెండర్థములు గల వర్తమానరూపము. ముక్కస్య ముక్కార్థము చెప్పినచో "మూడేండ్లు చేయుచున్నది, నేను చదువుచున్నాను" అని యగును. ఇచ్చట చేయువాడెవడును లేడు. ఎండ, చలి మున్నగువానిని చెప్పునప్పుడును ఈ ధాతువే కర్త లేక ప్రయుక్తమగును. ఏండ్లు బహువచనమైనను క్రియ ఏకవచనముననే యుండవలెనని శిష్టవ్యవహారము. తెనుగున "మూడేండ్లయినది" అనునప్పుడు ఏండ్లు బహువచనమైనను "అయినది" అను ఏకవచనమే ప్రాయికముగా వినబడుట ఇచ్చట స్మరింపదగినది.

రెండవది: "ఎస్తూదియో దెస్దే అసే త్రేస్ ఆన్యోస్". "దెస్దే" అనగా "మొదలుకొని". ఇది మొదటి వాక్యమునే త్రిప్పి, కాలభాగమును విశేషణముగా వెనుక నుంచిన రూపము.

మూడవది: "యేవో త్రేస్ ఆన్యోస్ ఎస్తుదియాందో". "యేవో" అనునది "యేవార్" ధాతువుయొక్క ఉత్తమపురుషరూపము. లాటిన్ భాషలో ఎత్తు అను అర్థమున్న ధాతువునుండి పుట్టి, స్పానిష్ భాషలో మోయు, తీసికొనిపోవు అను అర్థమున స్థిరపడినది. "ఎస్తుదియాందో" అనునది మన శత్రర్థకమునకు సరియైన రూపము, అనగా "చదువుచు". "మూడేండ్లు మోయుచున్నాను, చదువుచు" అని అక్షరార్థము. నేటి వాడుకలో మోతయను భావ మిందు లేదు. రెండు గంటలుగా ఒక చోట కూర్చున్నవాడును, ముప్పదేండ్లుగా ఒక ఊర నున్నవాడును ఈ ధాతువునే వాడుదురు. మెక్సికో, మధ్య అమెరికా, కరిబియన్ ప్రాంతములలో దీనికి మాఱుగా "కలిగియుండు" అను అర్థముగల "తెనేర్" ధాతువును వాడి "తెంగో త్రేస్ ఆన్యోస్ ఎస్తుదియాందో" అనుట సామాన్యము.

ఈ మూడింటియందును గమనింపవలసిన దొక్కటే. ప్రధానక్రియ వర్తమానమున నున్నది. భూతస్పర్శ యెచ్చటను లేదు. మొదటి రీతియందలి "అసే" స్థానమున ప్రాచీనకాలమున కలుగు, ఉండు అను అర్థముగల మఱియొక ధాతువుయొక్క "ఆ" అను రూపము వాడబడుచుండెడిది. సెర్వాంతెస్ రచించిన దోన్ కిహోతే (1605) మొదటి వాక్యమునందే ఆ ప్రాచీనరూపము కనబడును. ధాతువు మాఱినది గాని పద్ధతి మాఱలేదు.

ఆంగ్లమార్గముననైన వివరణము

ఆంగ్లము ఇట్టి సందర్భమున "చదివియుండుట" వంటి నిష్పన్నభూతరూపమును, శత్రర్థకమును జోడించి క్రియను నిర్మించును. ఆ భాషకు వర్తమానము చాలదు. మూడేండ్లను పేర్కొన్నంతనే ఆరంభమువైపు చూపు మరలి క్రియలోనికి భూతాంశము చొచ్చుకొని వచ్చును. ఇది దోషము గాదు. అది ఆ భాషయొక్క స్వభావము. అయితే ఆంగ్లేయులకై వ్రాయబడిన స్పానిష్ బోధగ్రంథములు సహజముగా ఇట్లు చెప్పును: "మనము నిష్పన్నభూతమును వాడుచోట స్పానిష్ వారు వర్తమానమును వాడుదురు, ఇది విశేషముగా గుర్తుంచుకొనదగినది." ఆంగ్లవిద్యార్థికి ఇది యుక్తమైన హెచ్చరిక. అదే గ్రంథము తెనుగు విద్యార్థి చేతికి వచ్చినప్పుడు ఏమగును?

తెనుగువాడు పుట్టినది మొదలు "మూడేండ్లనుండి చదువుచున్నాడు" అని వర్తమానముననే చెప్పుచున్నాడు. పాఠశాలలో ఆంగ్లము నేర్చునప్పుడు ఆ వర్తమానమును మానుకొని నిష్పన్నభూతమును అభ్యసించినాడు. అభ్యసించుచు తొట్రుపడినాడు. వర్తమానరూపమునకు "సిన్స్ త్రీ ఇయర్స్" అని చేర్చి మనవారు వాడు ఆంగ్లవాక్యము ఉపాధ్యాయునిచే ఎఱ్ఱసిరాతో కొట్టివేయబడుచుండుట అందఱెఱిగినదే. పిదప స్పానిష్ తరగతిలో "ఆ నిష్పన్నభూతమును మానుము, ఇచ్చట వర్తమానము వాడుము, ఇది అపవాదము" అని బోధింపబడినాడు. మొదట తెనుగును మఱచి ఆంగ్లమునకు పోవుట, అటుపిమ్మట ఆంగ్లమును మఱచి స్పానిష్ భాషకు పోవుట అను రెండు ప్రయాణములు చేసి, తుదకు బయలుదేరిన యింటికే వచ్చుచున్నాడు. వచ్చినది తన యిల్లే యని చెప్పువారు లేరు. ఇదియే ఇచ్చటి విమర్శకు మూలము. ఒక భాషకు అపవాదముగా తోచినది మఱియొక భాషకు ఉత్సర్గము కావచ్చును. అపవాదమని పేరిడుట వస్తుస్వభావమును బట్టి జరుగలేదు. చూచువాడు నిలిచిన తావును బట్టి జరిగినది.

వర్తమానమన నేమి?

స్పానిష్ వ్యాకరణము తన యింటిలో ఈ ప్రశ్న నెట్లు పరిష్కరించుకొన్నదో చూతము. అంతోనియో దె నెబ్రిహా 1492లో సలమాంకాలో కాస్తీల్యభాషావ్యాకరణమును ప్రకటించెను. కాలవ్యవస్థను మిక్కిలి సూక్ష్మముగా విచారించిన కీర్తి మాత్రము 1781లో కరాకాస్ నగరమున జన్మించి, చిలీదేశమున స్థిరపడిన ఆంద్రేస్ బెయ్యో పండితునిది. 1847లో ఆయన అమెరికాఖండవాసుల యుపయోగార్థమై ప్రకటించిన వ్యాకరణమున వర్తమానమునకు చెప్పిన లక్షణము సహాస్తిత్వము: క్రియావ్యాపారము మాటలాడు క్షణముతో కలిసియుండుట. ఆ పండితు డంతటితో నిలువలేదు. ఈ కలయికకు రెండు కాలవ్యాప్తులును ఒకేసారి మొదలై ఒకేసారి ముగియనక్కఱలేదనియు, పలుకు క్షణము వ్యాపారముయొక్క ఏదో ఒక క్షణముతో కలిసిన చాలుననియు, వ్యాపారము చాల పూర్వమే మొదలై చాలకాల మటుపిమ్మట సాగవచ్చుననియు వివరించెను. ఇట్లు వివరించిన పిదప "మూడేండ్లనుండి చదువుచున్నాడు" అనుటలో అపవాదమునకు తావే లేదు. మూడేండ్ల వెడల్పుగల వ్యాపారమును పలుకు క్షణ మొకచోట తాకినది, అది వర్తమానము.

సంస్కృతవ్యాకరణ మెఱిగిన పాఠకునకు ఈ వాదము క్రొత్త గాదు. పాణిని మూడవ అధ్యాయమున వర్తమానమునకు లట్టును విధించినచోట, కాత్యాయనుడు ఆరంభింపబడి విరమింపని వ్యాపారమును గూర్చి శంక లేవనెత్తెను. "ఇచ్చట చదువుచున్నాము", "ఇచ్చట నివసించుచున్నాము" అనువాడు ఆ క్షణమున చదువకపోవచ్చును, నిదురించుచు నుండవచ్చును. అట్టిచోట వర్తమానమెట్లు పొసగును? పతంజలి మహాభాష్యమున దీనిని చర్చించి లోకానుభవముతో సమాధానము చూపెను. దేవదత్తుడు భుజించుచున్నాడనుటలో ఎవ్వరికిని సందేహము లేదు గదా. ఆతడును నడుమనడుమ నవ్వును, మాటలాడును, నీరు త్రాగును. ఆ విరామములచేత భోజనము తెగదు. చదువునకు నడుమ వచ్చు నిదురయు నట్టిదే. ఆరంభమై సమాప్తి నొందనిది వర్తమానమని తరువాతి వృత్తికారులు దీనిని స్థిరపఱచిరి.

క్రీస్తుపూర్వపు భారతీయ వైయాకరణులును, 19వ శతాబ్దిలోని చిలీదేశ వైయాకరణుడును ఒకరి నొకరు ఎఱిగిన వారు గారు. అయినను ఇరువురు చెప్పినదియు నొకటే. ఇందు ఒక భేదము మాత్రము గమనింపదగును. బెయ్యో విచారము పలుకు క్షణమునుండి బయలుదేరి వ్యాపారముయొక్క రెండుకొనలకు పోవును. భాష్యకారుని విచారము వ్యాపారము నడుమనున్న ఖాళీలను పూరించును. మొదటిది వ్యాప్తిని సమర్థించినది. రెండవది అవిచ్ఛిన్నతను సమర్థించినది. "మూడేండ్లనుండి" అను మాటకు ఈ రెండు సమర్థనములును అవసరములే.

మఱియు పాణిని రెండవ అధ్యాయము మూడవ పాదమున కాలపరిమాణమును గూర్చి రెండు సూత్రములు వెంటవెంట చెప్పెను (2-3-5, 2-3-6). క్రియ కాలమంతటను ఎడతెగక వ్యాపించినప్పుడు ఆ కాలవాచకమునకు ద్వితీయ వచ్చును; క్రియ ఫలమును పొంది ముగిసినప్పుడు తృతీయ వచ్చును. నెల చదివెననుటకును, నెలలో చదివి ముగించెననుటకును గల భేదము విభక్తిచేతనే తెలియునన్నమాట. కాలపరిమాణమును చెప్పునప్పుడు క్రియ తీఱినదా, తీఱలేదా యని విడదీయుట వ్యాకరణముపని యని మన పూర్వులు గ్రహించిరనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

సామ్యములు, భేదములు

తెనుగు, స్పానిష్ భాషలు ఈ విషయమున చేరువగా నున్నవంటిని. అంతమాత్రమున రెండును ఒకటే యని భ్రమింపరాదు. సామ్యమును అతిశయించి చెప్పుటయు ఆంగ్లమార్గమువంటి దోషమే యగును.

మొదటి భేదము "నుండి" అను పదమునకు సంబంధించినది. ఇది "ఉండు" ధాతువుయొక్క క్త్వార్థకరూపముతో నేర్పడినదని స్పష్టము. తెనుగున "1950 నుండి" అని ఆరంభబిందువును, "మూడేండ్లనుండి" అని కాలపరిమాణమును ఒకే పదముతో చెప్పుదుము. ఉండుట యను మూలార్థమున బిందువునందును, వ్యాప్తియందును ఉండవచ్చును గనుక ఇట్లు జరిగినదని ఊహింపవచ్చును. స్పానిష్ ఈ రెంటిని వేఱుచేయును. బిందువునకు "దెస్దే" ఒక్కటియే చాలును. పరిమాణమునకు "దెస్దే అసే" అని రెండు పదములు కావలెను. తెనుగు విద్యార్థి "దెస్దే త్రేస్ ఆన్యోస్" అని "అసే" ను విడిచివేయుటకు అవకాశము మెండు. అతడు పొరపడుచోటు క్రియారూపము గాదు, ఈ చిన్న పదము. ఆంగ్లమార్గమున వ్రాసిన గ్రంథము క్రియను గూర్చి పదిమార్లు హెచ్చరించి దీనిని గూర్చి ఊరకుండును. బోధకుడు హెచ్చరింపవలసిన తావు మాఱినదని దీనివలన తెలియుచున్నది.

రెండవది: తెఱచియున్న కాలమునకును, మూసికొన్న కాలమునకును గల భేదమును తెనుగు కాలవాచకముతోడి ప్రత్యయముచే తెలుపును. "మూడేండ్లనుండి", "మూడేండ్లుగా" అనునవి తెఱచినవి. "మూడేండ్లపాటు" మూసినది. "మూడేండ్ల క్రిందట" బిందువు. స్పానిష్ భాషలో "అసే త్రేస్ ఆన్యోస్" అనునది తనంతట ఏదియు తేల్చదు. దాని తరువాత వర్తమానము వచ్చినచో "మూడేండ్లనుండి". భూతము వచ్చినచో "మూడేండ్ల క్రిందట". "అసే త్రేస్ ఆన్యోస్ కే వీనో" అనగా "వచ్చి మూడేండ్లయినది". తెనుగున కాలవాచకము మోయు బరువును స్పానిష్ భాషలో క్రియ మోయుచున్నది. "మూడేండ్లపాటు" అనుటకు ఆ భాషలో "దురాంతే" అను పదము కలదు. దానితో సామాన్యముగా ముగిసిన భూతము వచ్చును.

మూడవది: స్పానిష్ సామాన్యవర్తమానము తెనుగునందలి వర్తమానార్థమును, తద్ధర్మార్థమును రెంటిని తెలుపును. మనము "మూడేండ్లనుండి చదువును" అనము. "చదువుచున్నాడు" అనియే యందుము. ఎఱుగు, తెలియు మున్నగు స్థితివాచకధాతువులయందు మాత్రము "అతనిని పదేండ్లనుండి ఎఱుగుదును" అని తద్ధర్మరూపము చెల్లును. చిత్రమేమనగా స్పానిష్ భాషలోను "యేవార్" తోడి శత్రర్థకప్రయోగము ఇట్టి ఎఱుకను దెలుపు ధాతువులతో సామాన్యముగా వాడరు. సామాన్యవర్తమానమునకు "దెస్దే అసే" చేర్చి చెప్పుదురు. సాగుటయను భావము స్థితికి అక్కఱలేదని రెండు భాషలును భావించినట్లున్నవి.

నాలుగవది వ్యతిరేకము. "మూడేండ్లనుండి చదువుటలేదు" అనుటకు స్పానిష్ "అసే త్రేస్ ఆన్యోస్ కే నో ఎస్తూదియో" అనును, క్రియ వర్తమానమే. "యేవార్" రీతిలో మాత్రము శత్రర్థకము పోయి, "లేక" అను అర్థముగల "సిన్" అను పదమును, ధాతుమూలరూపమును వచ్చును: "యేవో త్రేస్ ఆన్యోస్ సిన్ ఎస్తుదియార్". దీనిని "మూడేండ్లుగా చదువకయున్నాను" అని తెనిగించినచో రెండు భాషల నిర్మాణములును దాదాపు సరితూగును. మన "చదువక" అను వ్యతిరేకక్త్వార్థకము చేయు పనినే అచ్చట "సిన్" చేయుచున్నది.

ఐదవది కాలాంతరమునకు మార్చుట. గతమున నొకచోట నిలిచి చెప్పునప్పుడు స్పానిష్ రెండు క్రియలను అసంపూర్ణభూతమునకు మార్చును. "అసీయా త్రేస్ ఆన్యోస్ కే ఎస్తుదియాబా", "యేవాబా త్రేస్ ఆన్యోస్ ఎస్తుదియాందో". బెయ్యో ఈ అసంపూర్ణభూతమునకు సహభూతమని పేరిడుట ఇచ్చట సార్థకము; ఒక గతక్షణముతో కలిసియున్న వ్యాపార మని దాని యర్థము. తెనుగు "అప్పటికి మూడేండ్లనుండి చదువుచుండెను" అనును. నిలిచిన తావును "అప్పటికి" అను చతుర్థీరూపము తెలుపును. ఇక "యేవార్" ఈ అర్థమున సంపూర్ణభూతమునందు గాని, నిష్పన్నభూతమునందు గాని ప్రయుక్తము గాదు. కారణము సుగమము. ముగియని దానిని తెలుపుటయే దాని వృత్తి. ముగింపును తెలుపు రూపమున అది యిమడదు. ఒక ధాతువునకు కొన్ని కాలరూపములు లేకుండుటను పట్టికలోని లోపముగా గాక అర్థముయొక్క ఫలముగా చూడవలెననుటకు ఇది మంచి తార్కాణము.

భవిష్యద్రూపమున మఱియొక సామ్యము కలదు. "యేవారా త్రేస్ ఆన్యోస్ ఎస్తుదియాందో" అనువాక్యమునకు మునుముందు మూడేండ్లు నిండునను అర్థముతో పాటు, "మూడేండ్లనుండి చదువుచుండును గాబోలు" అను ఊహార్థమును కలదు. తెనుగునను "చదువుచుండును" అనునది పెక్కుచోట్ల ఊహయే. కేవలభవిష్యత్తును చెప్పవలసినప్పుడు మనము "వచ్చు వేసవికి అతడు చదువ నారంభించి మూడేండ్లగును" అని వాక్యమును మార్చుకొందుము.

సహాయధాతువుల తీరు

ఈ ప్రకరణమున మిక్కిలి రమ్యమైన సామ్యము సహాయధాతువులయందు కనబడును. స్పానిష్ శత్రర్థకమునకు గమనార్థకధాతువులను చేర్చి క్రియ సాగు తీరులను భేదించును. "వచ్చు" అను అర్థముగల "వెనీర్" చేరినచో, పూర్వమునుండి ఇప్పటివఱకు సాగివచ్చిన క్రియ. ఇది మన "చేయుచు వచ్చుచున్నాడు". "పోవు" అను అర్థముగల "ఈర్" చేరినచో, క్రమముగా ముందునకు పెరుగు క్రియ. ఇది మన "పెరుగుచు పోవుచున్నది". "తిరుగు, నడచు" అను అర్థముగల "అందార్" చేరినచో, ఇచ్చటచ్చట చేయు క్రియ, ఒక్కొక్కపుడు ఇంచుక నిరసనయు ధ్వనించును. ఇది మన "చెప్పుకొనుచు తిరుగుచున్నాడు". మాటలాడు క్షణమువైపు వచ్చుట, దానినుండి ముందునకు పోవుట అను దృష్టి రెండు భాషలకును సమానము. ఆంగ్లముద్వారా దీనిని నేర్చువానికి ఈ మూడును పట్టికలోని మూడు వరుసలు. తెనుగుద్వారా నేర్చువానికి ఇవి చిరపరిచితములైన మూడు పలుకుబళ్లు.

"యేవార్" ఒక్కటి మాత్రము మనకు సరిజోడు లేనిది. కాలమును కర్మగా జేసి, కర్త దానిని మోయుచున్నట్లు చెప్పుట మన సహజరీతి గాదు. "రోజులు నెట్టుకొని వచ్చుచున్నాడు", "కాలము నీడ్చుచున్నాడు" అను పలుకుబళ్లు మనకు కలవు. అవి కష్టజీవనమును స్ఫురింపజేయును. స్పానిష్ ప్రయోగమునకు ఆ స్ఫురణము లేదు. మూలమున లేని దైన్యమును తెచ్చిపెట్టుటకంటె "నుండి", "గా" అను మన సామాన్యపదములతో తృప్తిపడుటయే అనువాదకునికి మేలు.

సాహిత్యమునకు దీనితో నేమి పని?

క్రియ తీఱినదా, తీఱలేదా యను భేదము కథకు ప్రాణమగు సందర్భములు కలవు. గాబ్రియేల్ గార్సియా మార్కేస్ రచించిన "కర్నలుకు ఉత్తరము వ్రాయువా రెవరును లేరు" అను అర్థముగల పేరుతోడి లఘునవల 1958లో మీతో అను పత్రికయందును, 1961లో పుస్తకరూపమునను వెలువడినది. పేరు చెప్పబడని వృద్ధసైనికు డొకడు తనకు రావలసిన పింఛనును తెలుపు లేఖకై ప్రతి శుక్రవారమును రేవునకు పోయి, తపాలాపడవకై ఎదురుచూచి, వట్టిచేతులతో మరలివచ్చుచుండును. కథలోని వస్తువు నిరీక్షణము. ఆ నిరీక్షణము తీఱకుండుటయే కథ.

గ్రంథారంభముననే కవి యీ నిరీక్షణమునకు లెక్క చెప్పెను. చివరి అంతర్యుద్ధము ముగిసినది మొదలు 56 ఏండ్లుగా అతడు ఎదురుచూచుట తప్ప మఱేమియు చేసియుండలేదని అచ్చటి భావము. ఇచ్చట రచయిత "యేవార్" ను గాని "అసే" ను గాని వాడలేదు. సామాన్యముగా మూసికొన్న కాలమునకు వచ్చు "దురాంతే" నే వాడి, క్రియను వ్యతిరేకమున నుంచెను. లెక్కలో ఏండ్లు మూసికొన్నవి. వ్యతిరేకము వలన నిరీక్షణము మాత్రము మూసికొనలేదు. జీవితమునకు జమాఖర్చు వ్రాసినట్లుగా నుండు ఈ పొడితనమే ఆ వాక్యమునకు బలము. సాగుటను తెలుపు రూపములు చేతనుండియు రచయిత వానిని విడిచె ననుట, ఆ రూపములను ఎఱిగినవానికే తెలియును. వ్యాకరణజ్ఞానము విమర్శకు ఉపకరించుట ఇట్లు.

దీనిని తెనిగించువాడు "56 ఏండ్లపాటు ఎదురుచూచెను" అని వ్రాసినచో తెనుగు పాఠకుడు తరువాతి వాక్యమున లేఖ వచ్చినదని చదువుటకు సిద్ధపడును. "పాటు" అను రెండక్షరములు కథను మొదటనే ముగించివేసినవి. "56 ఏండ్లుగా ఎదురుచూచుట తప్ప వేఱొకటి చేయలేదు" అన్నచో లెక్కయు నిలుచును, నిరీక్షణమును నిలుచును. ఆంగ్లమునందలి నిష్పన్నరూపమును చూచినంతనే "చూచియుండెను", "వేచియుండెను" అని యాంత్రికముగా తెనిగించు అలవాటు ఇట్టిచోట్ల ప్రమాదకరము. "వేచియుండెను" అనునది తీఱిన నిరీక్షణమునకును చెల్లును, తీఱని నిరీక్షణమునకును చెల్లును. కాలవాచకముపైని ప్రత్యయమే దానికి దిక్కు. కాగా తెనుగు అనువాదకుడు క్రియారూపమునకంటె "నుండి", "గా", "పాటు" అను చిన్నపదములపై ఎక్కువ శ్రద్ధ వహింపవలెను. వీనిలో నొకదానిని ఎన్నుకొనుట క్రియ తీఱినదో లేదో తీర్పు చెప్పుటయే.

ముగింపు

పై చర్చవలన తేలిన దిది. కొనసాగుచున్న క్రియకు కాలపరిమాణమును చెప్పునప్పుడు స్పానిష్, తెనుగు భాషలు రెండును వర్తమానమునే ఆశ్రయించినవి. ఇది బెయ్యో చెప్పిన సహాస్తిత్వమునకును, మన వైయాకరణులు చెప్పిన ఆరబ్ధాపరిసమాప్తత్వమునకును అనుగుణము. రెండు భాషలకు గల భేదము క్రియయందు స్వల్పము. కాలవాచకమును తెలుపు పద్ధతియందు అధికము. కావున తెనుగువారికై వ్రాయబడు స్పానిష్ బోధగ్రంథము ఆంగ్లగ్రంథమునకు భాషాంతరము కారాదు. క్రియను గూర్చి ఒక్క వాక్యమున చెప్పి, "దెస్దే", "అసే", "దురాంతే" లను మన "నుండి", "గా", "పాటు", "క్రిందట" లతో సరిచూచి విస్తరముగా చెప్పవలెను.

మఱియొక పని మన యింటిలోనే మిగిలియున్నది. "నుండి", "గా", "పాటు" అనువాని అర్థభేదమును శాసనములనుండి, కావ్యములనుండి, వచనరచనలనుండి, ప్రాంతీయవ్యవహారములనుండి ఉదాహరణములు సేకరించి కాలక్రమమున నిరూపింపవలసియున్నది. తెనుగు వ్యాకరణమున వీనికి ఏ ప్రకరణమున చోటీయవలెనన్నది నిర్ణయింపవలసియున్నది. కారకమున చెప్పినచో కాలార్థము మఱుగుపడును. క్రియాపరిచ్ఛేదమున చెప్పినచో విభక్తిస్వభావము మఱుగుపడును. పాణిని దీనిని విభక్తిప్రకరణమున నుంచియు క్రియాఫలముతో ముడివేసిన తీరు మనకు మార్గదర్శకము కాగలదు. పరభాషను నేర్చుకొనుటవలన కలుగు ప్రయోజనములలో స్వభాషయందు చూడక విడిచినదానిని చూడగలుగుట యొకటి. స్పానిష్ భాషలోని మూడు వాక్యములు మన "నుండి" పై వెలుగు ప్రసరింపజేసినవి. ఆ వెలుగున పని చేయుట పరిశోధకవిద్యార్థుల వంతు.